లాడ్లీ బేగం చెప్పిన పర్సోం

నారాయణపేట చేనేత సంఘం ఆఫీసుల టైపు మిషను టకటక ఇనవడ్డదంటే లాడ్లీ బేగం వచ్చి కూసున్నట్టే. నూలుకు రంగులేసేటాయన చోటే మియా బిడ్డె ఆమె. ఎనబై ఆరుల నౌకరిల చేరింది. నెల తిరిగితే జీతం, నెత్తి మీద ఫ్యాను, పండుగకు సెలవు. ఇంకేం గావాలె మనిషికి అని వాడకట్టోళ్ళంత అనుకునేటోళ్ళు.

అసోంటి నౌకరిని తొంబై తొమ్మిది మొదట్ల ఇడ్సిపెట్టింది. ఎందుకయ్యా అంటే, ఇంటర్నెట్టుల చీరెలు అమ్ముతదట! నవ్వనోళ్ళు లేరు. చీరెను చేత్తోని పట్టి చూడకుంట కొనే ఆడిది ఈ భూమ్మీద ఉన్నదా అని నోరున్నోళ్ళంత అడిగిండ్రు.

లాడ్లీ లెక్క వేరే. సంఘం పని మీద పాలమూరు పోయినప్పుడు బస్టాండు కాడ భిక్షపతి కంప్యూటర్ సెంటరుల ఆమె కండ్లార చూసింది. ఎక్కడో ఉన్న మనిషి రాసిన జాబు గప్పుడే తెర మీదికొచ్చింది. మన చీరెలంటే మరాఠోళ్ళకు పానం గదా, వాళ్ళు మన దుకాణానికొచ్చేదాక ఎందుకు కూసోవాలె, మన దుకాణమే వాళ్ళ ముందటికి పోతే గాదా అనుకున్నది. చీరెల ఫోటోలు తీయించి, భిక్షపతితోని ఒక పేజీ చేయించి ఇంటర్నెట్టుల పెట్టించింది. ఇంటాయన లతీఫుకు సైకిల్ దుకాణం. అందరు వద్దంటుంటే ఆయనొక్కడే, నీకెట్ల మంచిగనిపిస్తే గట్ల చెయ్యి, ఇల్లు నేను చూసుకుంట అన్నడు.

సంఘం సెక్రటరీ దశరథం సారు రాజీనామా కాగితం మడిచి సొరుగుల పెట్టిండు. నీ కుర్చీల ఎవర్నీ కూసోబెట్ట, మనసు మారితే రా బిడ్డా అన్నడు. ఆ మాటను లాడ్లీ కొంగున ముడేసుకున్నది.

ఇగ మొదలైంది తిప్పలు. సోమారం సోమారం బస్సెక్కి పాలమూరు పోవుడు, మెయిలు తెరిస్తే ఏం లేకపోవుడు, మొఖం ఏలాడేసుకొని ఇంటికొచ్చుడు. ఎదురింటోళ్ళు, ఏమాయె బేగం నీ దుకాణం అని అడుగుడు. గట్లుండంగ ఒకనాడు పుణె నుంచి సునందా బాయి రాసింది. బిడ్డ పెండ్లి ఉన్నదట, చుట్టాలకు పెట్టేటందుకు నారాయణపేట చీరెలే గావాల్నట. లాడ్లీ కాళ్ళు నేల మీద ఆగలే. పక్క గల్లీల జంగమ్మ తోటికోడండ్లతోని కలిసి రెక్కలు ముక్కలు చేసుకొని నేసింది. పీర్లు నిలబెట్టిన దినమే మూట కట్టి లారీ ఆఫీసుల ఏసి, లాడ్లీ హమ్మయ్య అనుకున్నది.

రెండు వారాలైనంక బాయి నుంచి జాబు, చీరెలు పంపిండ్రా అని. లాడ్లీ ఇంగ్లీషు అక్షరాలల్ల హిందీల జవాబు కొట్టింది: పర్సోం పంపిన, మీ ఊర్ల లారీ ఆఫీసుల ఈ రసీదు నంబరు చెప్పి తీసుకోండ్రి.

మనసు ఆగక గురువారం మళ్ళ పోయి చూస్తే, పిడుగు వడ్డట్టు ఆ పొద్దుగాలే వచ్చిన జవాబు. పెండ్లి పర్సోం ఉన్నది, ఇంత ఆలస్యం చేస్తరా, మీ చీరెలు మాకొద్దు, ఇయ్యాల సాయంత్రం ఈడనే కొనుక్కుంటం, మీ మూట మీరు వాపస్ తెప్పించుకోండ్రి అని రాసింది బాయి.

మూట తొవ్వల యాడనో పోయిందనుకున్నది లాడ్లీ. జంగమ్మకు ఏ మొఖం చూపియ్యాలె? ఆ జాబు ప్రింటు తీయించుకొని, బస్సుల కండ్లు తుడుసుకుంట వచ్చి, ఇంటికి గూడ పోకుంట సీదా సంఘం ఆఫీసుకు పోయింది. ఆమె కుర్చీ ఖాళీగనే ఉన్నది. టైపు మిషను మీద గుడ్డ కప్పి ఉన్నది.

"నాతోని గాదు సాబ్. నా కుర్చీ నాకియ్యిండ్రి," అన్నది.

దశరథం సారు కాగితం తీసుకొని చదివిండు. ఇంకోపారి చదివిండు.

"మూట ఎప్పుడు పంపినవ్?"

"పర్సోం, సాబ్."

"ఏ పర్సోం?"

"గదే... పీర్లు నిలబెట్టిన దినం."

సారు కుర్చీల ఎనుకకు వాలి, కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్విండు. లాడ్లీకి ఒళ్ళు మండింది. అప్పుడు చెప్పిండు సారు. మన దగ్గర పోయిన వారం పర్సోమే, పోయినేడు పర్సోమే. వాళ్ళకు పర్సోం అంటే నిన్నటికి ముందటి దినం, లేకుంటే ఎల్లుండి, గంతే. షోలాపూర్ల మా అక్క అత్తగారింట్ల నేను గీ మాటకే నవ్వులపాలైన. మీ బాయి, మూట మొన్ననే లారీ ఎక్కింది, పెండ్లి లోపల రాదనుకొని దాన్ని అడుగనే పోలేదు. అది వాళ్ళూర్లనే పడి ఉంటది, చూడు.

సంఘం ఫోనే ముందటికి జరిపిండు. బాయి జాబు కింద ఆమె పనిచేసే ఆఫీసు ఫోను నంబరున్నది. లాడ్లీ మూట పంపిన తారీఖు చెప్పింది. బాయి ముందు చిర్రుబుర్రులాడింది, తర్వాత మనిషిని పంపిచ్చి చూస్త అన్నది. చాయ్ తెప్పిచ్చిండ్రు గని లాడ్లీ ముట్టలే. పొద్దుగూకే యాళ్ళకు ఫోను మోగింది. చీరెలు చేతుల పట్టుకొని మాట్లాడుతున్న అని అవుతలి నుంచి బాయి నవ్వుతున్నది. చుట్టాలు చూసి తమక్కూడ గావాలంటున్నరట. లాడ్లీ ఫోను పెట్టేసి వలవల ఏడ్చింది.

సారు ఆమె ఏడుపు తగ్గేదాక ఆగిండు.

"కుర్చీ అడిగినవ్ గదా. ఇయ్య. రేపే, టైపు నేర్సుకొని నౌకరికి తిరుగుతున్న యాదలక్ష్మిని కూసోబెడుత. అది ఖాళీగ ఉంటే నీవు ఎనుకకే చూస్తవు బిడ్డా."

ఆ రోజు ఆమెకు కోపమొచ్చింది, అబద్ధమెందుకు. కుర్చీ ఇచ్చి ఉంటే మాత్రం ఇయ్యాల జంగమ్మ వాకిట్ల అన్ని మగ్గాలుండకపోతుండె, లతీఫు దుకాణం పక్కన లాడ్లీ బోర్డు ఉండకపోతుండె. ఇప్పుడు ఆమె ఏ జాబుల్నయినా తారీఖు ఏసే రాస్తది. ప్రతి రంజానుకు మాత్రం షీర్ ఖుర్మా గిన్నె మొదలు దశరథం సారింటికే పోతది. ముసలాయన గిన్నె అందుకుంట, నౌకరి అడిగితే నేను నిన్నెప్పుడు ఎల్లగొట్టిన లాడ్లీ అని ఎక్కిరిస్తడు.

"పర్సోం, సాబ్," అంటది.

"ఏ పర్సోం?"

"మన పర్సోమే, సాబ్. ఎన్నేండ్లయినా నాకు మొన్నటి లెక్కనే ఉంటది."