ఏ హాస్టల్?

మదనపల్లె టమోటా మార్కెట్ వెనక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ మునిరాజ. కురబలకోట గొర్రెలకాపరుల ఇంట డిగ్రీ దాటి చదివింది అతనొక్కడే. మండుటెండలోనూ ఇన్‌షర్ట్ సడలనివ్వడు. నోరు తెరిస్తే, "మా యూనివర్సిటీలో అయితేనా..." అంటాడు. స్టాఫ్ రూములో అందరూ దాన్ని పొగరంటారు. "మొదలుపెట్నాడప్పా!" అని తోటి లెక్చరర్ రాజేంద్ర ఎగతాళి.

మొన్న వార్షికోత్సవానికొచ్చిన ముఖ్య అతిథిదీ అదే యూనివర్సిటీ. మునిరాజ ఎదురెళ్లాడు. "సార్, నేనూ మన క్యాంపసే!"

ఆయన నవ్వుతూ చెయ్యి చాచాడు. "అవునా! ఏ హాస్టల్?"

"బీసీ హాస్టల్ సార్."

"ఓహో, అక్కడా," అంటూ ఆయన చాచిన చేతిని జేబులోని ఫోను కోసం వెనక్కి తీసుకున్నాడు. స్టాఫంతా చూశారు.

సాయంత్రం రాజేంద్ర పక్కన కూర్చుని, ఎగతాళేమీ లేకుండా అడిగాడు. "మీ యూనివర్సిటీ సంగతులు సెప్పప్పా, వింటాం."

"ఏముండాదన్నా," అన్నాడు మునిరాజ. "ఆడగూడా ఈడ మాదిరే."