క్లచ్చి లేని బస్సు

పద్నాలుగో నంబరు బస్సు డ్రైవరుకు వారం రోజులుగా ఎడమకాలు నిలవడం లేదు. కుర్చీలో కూర్చుంటే నేలను నొక్కుతుంది. మంచం అంచున కూర్చుంటే గాలిని నొక్కుతుంది. ప్రార్థనకు కూర్చుని కళ్లు మూసుకుంటే, దేవుడి ముందు కూడా దాని పని అది చేసుకుపోతుంది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా రోజుకు కొన్ని వందలసార్లు క్లచ్చి తొక్కిన కాలు మరి. ఆయన చెప్పుల జతలో ఎప్పుడూ ఎడమదే ముందు అరిగేది.

“ఏమండీ, ఆ కాలిని కాసేపు ఊరుకోమనండి. గ్లాసులో టీ తొణికిపోతోంది,” అంది భార్య.

“అది నా మాట వింటే ఇంకేం కావాలే.”

ఇదంతా ప్రభుత్వం తెచ్చిన కొత్త నిబంధనతో మొదలైంది. ఊళ్లో తిరిగే బస్సులన్నీ ఏడాది తిరిగేసరికి పొగ విడవనివై ఉండాలి. ఆ నిబంధన మీద ఆయనకు కోపమేమీ లేదు. తెల్లవారుజామున షెడ్డులో నలభై ఇంజన్లు ఒక్కసారే మొదలైతే కమ్ముకునే పొగలో ఇన్నేళ్లు దగ్గినవాడు ఎలా కాదంటాడు? మంచిదే. కాకపోతే ఆ మంచిలో తన చోటెక్కడో ఆయనకు తెలియడం లేదు. కరెంటు బస్సులో క్లచ్చి లేదు, గేర్లు లేవు. ఉన్నవి రెండే పెడల్స్, రెండూ కుడికాలివే. శుక్రవారంనాడు జనంతో నిండిన బస్సును నడిపి చూపించాలి. నెగ్గితే పద్నాలుగో నంబరు సీటు ఆయనదే. లేకపోతే రిటైరయ్యేదాకా, అంటే ఇంకో నాలుగేళ్లు, డిపో గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని వచ్చీపోయే బస్సుల నంబర్లు రాసుకోవాలి.

స్టూలంటే ఆయనకు చిన్నతనమని కాదు. పంతొమ్మిదో ఏట లారీలు కడగడంతో బతుకు మొదలుపెట్టినవాడు. ఏ పనికీ ముఖం చిట్లించే రకం కాదు. కానీ ఆ సీటులో కూర్చున్నప్పుడు తను నలుగురికి పనికొస్తున్నానని ఆయనకు తెలుస్తుంది. ఆసుపత్రి స్టాపులో బస్సును గట్టుకు ఆనించినట్టు ఆపుతాడు, కట్లు కట్టించుకున్నవాళ్లు కాళ్లు చాచి ఎక్కనక్కర్లేకుండా. ఎవరైనా పరుగెత్తుకొస్తుంటే అద్దం సర్దుకుంటున్నట్టు నటించి అర నిమిషం ఆగుతాడు. వెనకనుంచి కండక్టరమ్మ నవ్వాపుకుంటూ, “అన్నయ్యా, అద్దం ఇంకా కుదరలేదా?” అని అడుగుతుంది. అద్దం ఎప్పుడు కుదురుతుందో ఆమెకూ తెలుసు.

శుక్రవారం వచ్చింది. పరీక్ష చూడవలసిన ట్రైనరమ్మాయికి ఇంకా ముప్ఫై నిండలేదు. ఈ మధ్యనే వేరే ఊరినుంచి వచ్చింది. చేతిలో కాగితాల అట్టతో ముందు సీటులో కూర్చుని, “కంగారు పడకండి బాబాయ్ గారూ, నేను లేననుకోండి,” అంది.

మనసులో దేవుణ్ణి తలచుకుని బస్సు కదిలించాడు. చప్పుడే లేదు. కదిలిందో లేదో కిటికీలోంచి చూసి నమ్మాల్సి వచ్చింది. మూడు స్టాపులు బాగానే గడిచాయి. నాలుగో స్టాపు ముందు, బడి మలుపులో పక్కనుంచి ఒక కారు రాసుకుంటూ దూసుకుపోయింది. కాస్త నెమ్మదిస్తే సరిపోయేది. ఆయన బుర్ర ఇంకా ఆలోచిస్తూనే ఉంది, ఎడమకాలు మాత్రం లేచిపోయింది. లేని క్లచ్చిని వెతుక్కుని, దొరికిన బ్రేకు మీద ముప్ఫై ఏళ్ల బలంతో దిగింది.

బస్సు గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయింది. నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలారు. పసిబిడ్డను ఎత్తుకున్న ఒకామె పట్టు తప్పి కమ్మీ మీదికి పోతుంటే, పక్క సీటులో ఉన్న, రోజూ ఎక్కే దర్జీ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. దర్జీ మోచెయ్యి కమ్మీకి తగిలి తోలు లేచిపోయింది.

“ఏం లేదులెండి, గీరుకుందంతే. ముందు బిడ్డను చూడండి,” అన్నాడు దర్జీ.

బిడ్డ నిద్ర కూడా లేవలేదు. కండక్టరమ్మ తన మంచినీళ్ల సీసా తీసి దర్జీ చెయ్యి కడిగింది. డ్రైవరు దిగివచ్చి అందరికీ దణ్ణం పెట్టాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటేనే ఆయనకు తేలికగా ఉండేదేమో.

చివరి స్టాపులో జనమంతా దిగాక ట్రైనరమ్మాయి కాగితం తీసింది. ఉన్నట్టుండి బ్రేకు వేస్తే అందుకు కారణం రాయాలి.

“కుక్కండీ,” అంది కండక్టరమ్మ, డ్రైవరు నోరు విప్పకముందే. “నల్ల కుక్క. మెరుపులా అడ్డొచ్చింది, పాపం అన్నయ్య ఏం చేస్తాడు?”

ట్రైనరమ్మాయి కలం ఆగిపోయింది. “మళ్లీ కుక్కేనా? ఈ డిపోలో ఇది పన్నెండోది. ఈ ఊళ్లో ఇన్ని కుక్కలేమిటా అని నేను మునిసిపాలిటీకి ఫిర్యాదు కూడా పెట్టాను. వాళ్ల బండి రెండు రోజులు ఈ రోడ్లన్నీ తిరిగి, ఒక్కటీ దొరకలేదని వెళ్లిపోయింది.”

కండక్టరమ్మ నాలుక కరుచుకుంది.

డ్రైవరుకు అప్పుడు తెలిసింది. పదకొండుమంది పరీక్ష నెగ్గారు, పదకొండుమందికీ కుక్క అడ్డొచ్చింది. అందులో పన్నెండో నంబరు బస్సు డ్రైవరు కూడా ఉన్నాడు. ఎప్పుడూ కూనిరాగం తీస్తూ ఉంటాడని అందరూ వాణ్ణి పాటగాడు అంటారు. ఇరవై ఏళ్ల స్నేహితుడు. ‘ఏముందిరా, వెన్నలా నడుస్తుంది,’ అని మొన్ననే చెప్పాడు. అంటే అందరి ఎడమకాలూ ఒకటే. ఎవరికి వారు ఆ సంగతి కడుపులోనే దాచుకున్నారు.

ఒక్క మాట అంటే చాలు, సీటు ఉంటుంది. ఆ మాట కూడా తను అననక్కర్లేదు, ఊరుకుంటే సరిపోతుంది. ఆయన బస్సులో ఈ చివరినుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచాడు. ఆ కమ్మీ దగ్గర ఆగాడు. బిడ్డ తల ఎంత దూరంలో ఆగిందో చేత్తో కొలుచుకున్నాడు. బెత్తెడు లేదు.

“కుక్క లేదమ్మా. నా ఎడమకాలే తొక్కింది.”

“అలా రాస్తే మీ సీటు పోతుంది బాబాయ్ గారూ.”

“రాయకపోతే రేపూ ఇదే కాలు, ఇదే బ్రేకు. ఇవాళ దర్జీ గారు అక్కడున్నారు. రేపు ఉండకపోతే?”

ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు రాసింది.

మర్నాడు డిపో మేనేజరు పన్నెండుమందినీ బస్సుల నుంచి దించేశాడు. పది రోజులపాటు ఆవరణలో ఖాళీ బస్సులతో సాధన చేయాలి, ఆ తర్వాత మళ్లీ పరీక్ష అన్నాడు. డిపో అంతా ఉడికిపోయింది. డ్రైవరు లోపల అడుగుపెట్టగానే పాటగాడు గొంతెత్తాడు.

“సత్యసంధులవారు వస్తున్నారు, దారివ్వండ్రా.”

“నీ పేరు నేను చెప్పలేదురా.”

“చెప్పాలా ఇంకా? నీ ఒక్క కుక్క పోతే మా అందరి కుక్కలూ పోయినట్టే.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పాటగాడు నవ్వలేదు. ఆ రోజునుంచి మాట్లాడ్డం మానేశాడు.

ఆ పది రోజులూ డ్రైవరు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. వరసగా పెట్టిన ఖాళీ డ్రమ్ముల మధ్య బస్సు తిప్పుతూ, ఎడమకాలితో పసిపిల్లకు చెప్పినట్టు మాట్లాడేవాడు. “నీ వంతు అయిపోయిందమ్మా, ఇక కూర్చో,” అనేవాడు. మొదటిరోజు అది తొమ్మిదిసార్లు లేచింది. నాలుగో రోజుకి రెండుసార్లు. ఇంటికొచ్చాక కూడా భోజనం ముందు కూర్చుని మడమను వెనక్కి లాక్కుంటూ ఉండేవాడు. స్నేహితుడు అలిగాడని తెలిసి భార్య రోజూ రెండు క్యారేజీలు కట్టేది. రెండోది తెరవకుండానే తిరిగొచ్చేది. మర్నాడు ఆవిడ మళ్లీ కట్టేది.

రెండో పరీక్షలో ఆయన నెగ్గాడు. ఎక్కినవాళ్లు ఎక్కినట్టే దిగారు, ఒక్కరూ తూలలేదు. పాటగాడు మాత్రం మళ్లీ బ్రేకు తొక్కాడు. ఆఖరిసారి సోమవారం అన్నారు. అదీ తప్పితే స్టూలే గతి.

ఆదివారం డ్రైవరుకు సెలవు. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, భార్యకు చెప్పి డిపోకి వెళ్లాడు. ఆవరణలో పాటగాడు ఒక్కడే ఖాళీ బస్సు తిప్పుతున్నాడు. కూనిరాగం లేదు. డ్రమ్ము దగ్గర ఆగినప్పుడు డ్రైవరు వెళ్లి తలుపు తట్టాడు. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఎక్కి ముందు సీటులో కూర్చున్నాడు.

బస్సు కదిలింది. నాలుగు గజాలు పోయి ఒక్క కుదుపుతో ఆగింది. డ్రైవరు నుదురు ముందున్న కమ్మీకి తగిలింది.

పాటగాడు తిరిగి చూడలేదు. “తగిలిందా?” అన్నాడు.

“లేదు. నడుపు.”

“దిగిపోరా. సెలవు రోజు నీకెందుకీ కుదుపులు?”

“ఖాళీ బస్సు ఎంత తిప్పినా నీ కాలికి భయం తెలీదురా. ఎవరో ఒకరు ఉండాలి.” డ్రైవరు సీటులోంచి లేచి మధ్యదారిలో నిలబడ్డాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

పాటగాడు ఈసారి మెడ తిప్పి చూశాడు. “కమ్మీ పట్టుకో. పడితే మీ ఆవిడకు ఏం చెప్పను?”

“నువ్వు సరిగ్గా ఆపితే నాకు పట్టుకునే పని లేదు.”

పాటగాడు ఏదో గొణిగాడు. నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుని, ఎడమకాలిని సీటు కిందికి లాక్కున్నాడు. బస్సు నెమ్మదిగా కదిలింది. మొదటి డ్రమ్ము దాటింది, రెండోది దాటింది. మూడోదాని దగ్గర ఆగింది. డ్రైవరు అరడుగు ముందుకు తూలి, నిలదొక్కుకున్నాడు.

“ఇంకోసారి,” అన్నాడు.