మాడు మీద ఆముదం

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పొద్దున కార్ఖానా బజారులో ఒక కొట్టు ముందు ఆముదం సీసా పగిలింది. ఆ వాసన ఇంటిదాకా నా వెంటే వచ్చింది, ఏం చేస్తాం?

మన వయసువాళ్ళకు గుర్తుందా? ఆముదంతో కాటుక పట్టేవారు, బండి ఇరుసుకు రాసేవారు, మిగిలింది మన గొంతుల్లో పోసేవారు. మా నానమ్మకు అది సర్వరోగ నివారిణి. విరేచనాలతో మా చంటి చెల్లెలి నడినెత్తిన మాడు గుంటపడితే, పైకి లేస్తుందని ఆముదం అద్దుతూ కూర్చుంది. నీళ్ళు మాత్రం తాగించనివ్వలేదు.

ఇంటింటికీ తిరిగే దవాఖానా నర్సమ్మ అది చూసి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళ గ్లాసు అమ్మ చేతికిచ్చింది.

"కారే కుండల ఇంకిన్ని నీళ్ళు పోస్తరా ఎవరన్న?" అంది నానమ్మ.

"కారుతుందనే పొయ్యాలె పెద్దమ్మా. లేకుంటే కుండ ఎండిపోతది. తల్లిని జెర తాపనియ్యి."

"ఇంతమందిని గన్న, నాకు చెప్తున్నవా?"

"అండ్ల బతికిందెందరు?"

నర్సమ్మ వెళ్ళగానే నానమ్మ గ్లాసు లాక్కుని మోరీలో పారబోసింది. అమ్మ ఆ ఖాళీ చేతిని చూసుకుంటూ ఉండిపోయింది.

మర్నాటికి చెల్లెలు లేదు. నర్సమ్మ మళ్ళీ వచ్చేసరికి అమ్మ ఉయ్యాల చీర ఉతికి పిండుతోంది. నర్సమ్మ సంచి కింద పెట్టి, చీర రెండో కొస పట్టుకుంది.