వదులు చేసిన విల్లు

నా భార్య ఈ జూన్‌లో పోయింది. అమెరికాలో మా ఊరు బెంటన్‌విల్‌లో చాలామందికి నేను ఫోన్ చేసి చెప్పలేకపోయాను. ఆలస్యంగా తెలిసినవాళ్ళు ఎలా మొదలైందని అడుగుతున్నారు. భుజం నొప్పితో మొదలైంది. ఆ నొప్పిని అందరికన్నా ముందు చూసింది నేనే. చేతిలో రెంచి పట్టుకుని చూశాను. అది చెప్పకుండా ఆమె గురించి రాయలేను.

మీ పిల్లలు ఆమెని విల్లు ఆంటీ అనేవాళ్ళు. ఆ విల్లుకి కారణం గోంగూర. మా పెరట్లో జింకలు ఏటా మొదళ్ళదాకా కొరికేసేవి. కంచె వేద్దామన్నాను.

"కంచె మీరు వేసుకోండి. నేను వాటి సంగతి చూస్తాను," అంది.

నలభై ఏడేళ్ళ వయసులో వేటగాళ్ళ భద్రతా కోర్సు చేసింది. లైసెన్సు తీసుకుంది. రెండు కొనల్లో కప్పీలుండే విల్లు ఒకటి పాతది కొనుక్కుంది. మొదటి వారంలోనే నేను దాన్ని తీసి ఊరికే లాగాను. గరాజ్ తలుపు దగ్గర నుంచి అరిచింది.

"వదలకండి! బాణం లేకుండా తాడు వదిలితే ఆ దెబ్బ విల్లే తింటుంది. లాగినంత మెల్లగా దించండి."

దించాను. చేతులు వణికాయి.

"చూశారా, లాగడం కన్నా దించడమే కష్టం," అని నవ్వింది.

మాకు సొంత భూమి లేదు. గంట దూరంలో ప్రభుత్వ అడవి ఉంది. లైసెన్సున్న ఎవరైనా వెళ్ళొచ్చు కాబట్టి, దారి పక్క చోట్లన్నీ ఎవరో ఒకరు తొక్కేసినవే. ఆమె వేసవంతా లోలోపలికి నడిచింది. ఓక్ కాయలు ఎక్కడ రాలతాయో, జింకలు ఏ దారిన దిగుతాయో చూసి పెట్టుకుంది. గాలి ఎటుందో తెలియడానికి చిన్న సీసాలో ముగ్గుపిండి ఉండేది. వేటకి రెండు రోజుల ముందు నుంచి ఇంట్లో ఇంగువ పోపు బంద్. "మీ చారు వాసన కౌంటీ దాటుతుంది," అనేది. నేను సామాను మోసేవాణ్ణి. మొదటి సీజనంతా ఒక్క బాణమూ వదల్లేదు. "చూడ్డం వచ్చింది కదండీ," అంది.

విల్లుల షాపు పెద్దాయన ఆమెకి ఒక పరీక్ష నేర్పాడు. కుర్చీలో కూర్చుని, విల్లు గురి వైపే ఉంచి నిదానంగా లాగాలి. లాగడానికి ఆకాశం వైపు ఎత్తాల్సి వస్తే అది మన బలానికి మించిన విల్లు. మొదటి ఏడాది ఆమె చేతిలో విల్లు గురి తప్పి పైకి లేవలేదు.

రెండో ఏడాది జూలైలో లేచింది.

"ఏవండీ, ఒక తిప్పు వదులు చేయరూ. భుజం పట్టేసింది."

పైన ఒక బోల్టు, కింద ఒక బోల్టు. రెంచితో రెండూ సమానంగా తిప్పాలి. అవి వదులయ్యేకొద్దీ విల్లు లాగడం తేలికవుతుంది. తిప్పాను. ఆగస్టులో మరో రెండు తిప్పులు. సెప్టెంబరు మొదట్లో లేబర్ డే నాటికి మొత్తం నాలుగు. నేను ఇంజినీరుని. వదులు చేసిన ప్రతిసారీ వేలాడే త్రాసుతో బలం కొలిచి గరాజ్ గోడ మీద పెన్సిల్‌తో రాశాను. అంకెలు వరసగా కిందికి దిగాయి. చేతిరాత బాగుందని మెచ్చుకుంది కూడా.

షాపు పెద్దాయన కూడా ఒకసారి విల్లు తూచాడు. తూచి, ఆమె వైపు చూశాడు. "విల్లు సరేనమ్మా, భుజం ఎవరికైనా చూపించావా?"

"సీజన్ అయ్యాక," అంది.

ఆయన నా వైపు తిరిగాడు. "అవును, సీజన్ అయ్యాక," అన్నాను నేను.

అక్టోబరులో ఒక ఉదయం. ఓక్ చెట్టు మొదట్లో కూర్చున్నాం. ముగ్గుపిండి మా మొహాల మీదికే వచ్చింది. మా వాసన జింకల వైపు పోదు, గాలి అనుకూలమే. పక్షుల చప్పుడు లేదు. పదిహేను గజాల దూరంలో ఆడజింక వచ్చి పక్కకి తిరిగి నిలబడింది. ఆమె విల్లు ఆకాశం దాకా లేచి, వణుకుతూ దిగింది. తాడు చెంపకి ఆనింది. బాణం మాత్రం వదల్లేదు. లాగినంత మెల్లగా తాడు దించేసింది. జింక తలెత్తి, ముందు కాలు రెండుసార్లు నేలకేసి కొట్టి వెళ్ళిపోయింది.

"ఏమైంది?"

"ఈ విల్లుకి చంపే బలం పోయిందండీ. గాయం చేసే బలమే మిగిలింది. దెబ్బతో వెళ్ళి ఏ పొదలోనో రోజుల తరబడి పడుంటుంది. అది వద్దు."

"అయితే మళ్ళీ బిగిస్తాను."

ఆమె బాణం తీసి పక్కన పెట్టింది. "విల్లయితే బిగిస్తారు," అంది. తర్వాత, "పదండి, చలేస్తోంది."

నవంబరులో డాక్టరు స్క్రీన్ మీద ఊపిరితిత్తి పైకొన చూపించింది. భుజం నొప్పి అక్కడి కాన్సర్ వల్లేనంది. అప్పటికే చాలా దూరం పాకింది. జూలైలో వచ్చుంటే ఏమయ్యేదని అడిగాను. డాక్టరు జవాబు చెప్పేలోపే నా భార్య నా చేయి నొక్కింది.

"ఆవిడని అడగకండి," అంది.

ఆ ఏడు నెలల్లో నన్ను ఒక్క మాట అనలేదు. ఏప్రిల్‌లో కిటికీ దగ్గర కూర్చుని నా చేత గోంగూర విత్తనాలు వేయించింది. కంచె వద్దంది.

నిన్న గరాజ్‌లో ఆ విల్లు చేతిలోకి తీసుకున్నాను. బలం ఎంతుందో చూద్దామని లాగాను. నా చేయి వణకలేదు. ఇంత తేలికైనదాన్ని లాగడానికి ఆమె ఆకాశం దాకా ఎత్తాల్సి వచ్చింది. ఆమె చేతి కొలతకి అమర్చింది కనుక తాడు నా చెంపదాకా రాలేదు. నాలుగు వేళ్ళ ఇవతలే ఆగిపోయింది. ఎదురుగా గోడ మీద నా పెన్సిల్ అంకెలు. విల్లులో బాణం లేదు. వదలకూడదు. మెల్లగా, లాగినంత మెల్లగా, దించడం మొదలుపెట్టాను.