చిన్నమ్మ నుదురు

పోయిన నెల ఒక పొద్దున బడిలో హాజరు తీసుకుంటుండగా చొప్పదండి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది చిన్నమ్మ పక్కింటామె. "టీచరమ్మా, మీ చిన్నమ్మ పోయిందమ్మా. బీడీల చాట ఒళ్లె పెట్టుకొని కూసున్నది కూసున్నట్టే ఒరిగింది. జల్ది రా" అంది. హెడ్మాస్టరుకు చెప్పి బయటపడ్డాను. కరీంనగర్ బస్టాండుకు పోయే ముందు ఇంటికి పోయి, దేవుని గూట్లో ఉన్న కుంకుమ భరిణ తీసి సంచిలో వేసుకున్నాను. అది ఎందుకో చెప్పాలంటే ఎనక నుంచి రావాలి. చదివేవాళ్లు జర ఓపిక పట్టండి.

చిన్నమ్మ మా అవ్వకు చెల్లెలు. పిల్లలు కలగలేదు. ఆమె భర్తను నేను చిన్నబాపు అనేదాన్ని. ఆయన ఆదిలాబాద్ దిక్కు ఒక నిఘా ఆఫీసులో పని చేసేవాడు. ఆఫీసు పేరు రాయను, రాసి నాకు ఒరిగేదేం లేదు. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరు ఎవరితో ఫోన్లో ఏం మాట్లాడారు, అవన్నీ విని కాగితం మీద పెట్టడం ఆయన కొలువు. ఇంటికొస్తే మాత్రం మా మాటలు కూడా సరిగ్గా వినేవాడు కాదు. "నా చెవులు ఆఫీసుల పెట్టి వచ్చిన బిడ్డా" అని నవ్వేవాడు.

ఉట్నూర్ అవతల ఒక అడవి ఊరివాళ్లను కొందరిని పట్టుకుపోయి జైల్లో పెట్టారు. వాళ్లు ఫోన్లో అన్నారని కాగితాల్లో ఉన్న మాటలు వాళ్లు అననే లేదు. ఆ సంగతి చిన్నబాపుకు తెలుసు, ఎందుకంటే ఆ ఫోన్లు విన్నది ఆయనే. తను రాసిచ్చింది ఒకటి, పైన తయారైంది ఇంకొకటి. కొన్నాళ్లు అన్నం సయించక తిరిగాడు. చివరికి అసలు కాగితాల నకళ్లు తీసి ఒక వకీలు చేతిలో పెట్టాడు. సంగతి పేపర్లకు ఎక్కింది. మూడోనాటికి చిన్నబాపు ఇంట్లో లేడు.

మా దిక్కు మగమనిషి నాలుగు రోజులు కనిపించకపోతే ఎవరూ పరేషాన్ కారు, గల్ఫ్ పోయిండనుకుంటారు. ఆయన పోయింది కూడా అట్లాగే. లక్సెట్టిపేట నుంచి కూలికి పోయే గుంపులో కలిసి, తలకు రుమాలు చుట్టి, తాడు కట్టిన అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని విమానం ఎక్కాడు. అక్కడి నుంచి మంచు కురిసే ఇంకో దేశానికి పోయి, నన్ను ఇక్కడ ఉండనియ్యండని అర్జీ పెట్టుకున్నాడు. ఇప్పటికీ అక్కడే, ఒక గోదాములో పెట్టెలు సర్దుతున్నాడు.

ఇక చొప్పదండిలో ప్రశ్నలు మొదలయ్యాయి. తప్పు చెయ్యకుంటే ఎందుకు పారిపోయిండు? ఎవరికి అమ్ముడుపోయిండు? పెండ్లాన్ని ఎందుకు తీసుకపోలే? పెండ్లికి పోతే పెండ్లిలో, చావుకు పోతే చావులో అవే ప్రశ్నలు. చిన్నమ్మ ఒకనాడు విసిగి, "కొంప అంటుకుంటే బయటికి ఉరికినోడు దొంగనా? అంటువెట్టినోన్ని అడుగుండ్రి పోయి" అనేసింది. దానికీ నాలుగు వంకలు పెట్టారు. మూడో ప్రశ్న మాత్రం నేనూ అడిగాను, ఇప్పటికీ అడుగుతాను. ఆ అడవి మనుషుల మీద ఉన్న జాలి ఇంట్లో మనిషి మీద ఎందుకు లేకపోయిందో నాకు అర్థం కాదు. చిన్నమ్మ ముందు ఆ మాట అంటే ఒప్పుకునేది కాదు. "నువ్వు పిల్లలకు పాఠం చెప్పుపో, నాకు చెప్పకు" అనేది.

ఆఫీసు నుంచి నెలకోసారి ఒక సారు వచ్చేవాడు. చేతిలో చిన్న నోటుబుక్కు ఉండేది, మేం ఆయనను నోటుబుక్కు సారు అనేవాళ్లం. అరుగు మీద కూర్చుని, చాయ్ తాగుతూ అడిగేవాడు.

"ఏడికి పోయిండమ్మా నీ పెనిమిటి?"

"నాకేమెరుక సారూ? మీ ఆఫీసుల పన్జేసినోడు, మీకే తెల్వాలె."

అట్లా అంటూనే తునికాకు కత్తిరించేది, తంబాకు పోసేది, చుట్టేది, దారం కట్టేది. వేళ్లు ఒక్క క్షణం ఆగేవి కావు. ఆయన పోయినంక అడిగితే, "చేతులు ఆగితే నోరు జారుతది బిడ్డా" అనేది. బీడీల మీద ఆమె బతికింది నిజమే, ఆ బీడీలు ఆమె గుట్టు కూడా కాచాయి.

ఏడాది తిరగకముందే ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. ఎవరినీ అడగలేదు. చిన్నబాపు గల్ఫ్‌లో ఎండదెబ్బకు చచ్చిపోయిండని, శవం రాలేదని ఊళ్లో చెప్పింది. శవాలు రాని ఇండ్లు మా దిక్కు ఉన్నాయి కనుక ఎవరూ గట్టిగా అనుమానించలేదు. దర్భలతో బొమ్మ చేయించి, దానికే దహనం చేయించింది. పదోనాడు ఆడవాళ్లు ఆమె గాజులు పగలగొట్టారు, మెట్టెలు తీశారు, బొట్టు తుడిచారు. ఆమె అందరికంటే గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు నాటకం అనుకోకండి. తాళి తెంచుతుంటే నిజంగా తెగుతుంది కదా.

నాకు ఒక్కదానికే నిజం చెప్పింది. "బతికున్నోన్ని దేవులాడుతరు, సచ్చినోన్ని ఎవ్వలు దేవులాడరు. ఆయన బతికుండాల్నంటే ఈడ సావాలె" అంది. అప్పటికి ఆమెకు నలభై దాటలేదు.

ఆయన మూడు నాలుగు నెలలకోసారి, ముందే చెప్పుకున్న రోజున, నా ఫోనుకు చేసేవాడు. కండ్ల డాక్టరు దగ్గరికని చెప్పి చిన్నమ్మ కరీంనగర్ బస్సెక్కి మా ఇంటికి వచ్చేది. రాగానే కాళ్లు కడుక్కుని, "నీ భరిణ ఇటియ్యి" అనేది. అద్దం ముందు నిలబడి రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకుని, అప్పుడు ఫోన్ చెవికి పెట్టుకునేది. ఉత్త మాటలే, బొమ్మ కనపడే ఫోన్ కాదు.

"ఆయనకు కనపడది గద చిన్నమ్మా, ఎందుకు ఈ తిప్పలు?" అన్నాను ఒకసారి.

"ఆయనకు కనపడకుంటేంది? మొగనితోని బోడినుదురుతోని మాట్లాడాల్నానే?" అని కసురుకుంది.

మాట్లాడినంత సేపూ నవ్వేది. ఏం తిన్నవంటే ఏం తిన్నవు, సలి పెడుతుందా, చెద్దరు ఉందా, అవే మాటలు. ఫోన్ పెట్టేసినంక కొబ్బరి నూనెతో నుదురు రుద్దుకునేది. ఎరుపు పోయేదాకా రుద్దితే తోలు ఎర్రబడేది. కుంకుమ ఎరుపేదో తోలు ఎరుపేదో తెలియక మళ్లీ రుద్దేది. నేను పక్కకు తిరిగి గిన్నెలు కడిగేదాన్ని.

ఒకసారి కనుబొమ్మల మధ్య ఇంత ఎరుపు మిగిలింది. బస్సు దిగుతుంటే ఊరి ఆడవాళ్లు చూశారు. ఇక చెప్పాలా! "ముండమోసినదానికి కరీంనగర్ల ఎవడో ఉన్నడు" అని బీడీల కార్ఖానా దాకా పాకింది. బతుకమ్మ ఆడేచోట ఆమె గడప మీద నిలబడి చూస్తే, మొఖం మీదే తలుపులేసుకున్నట్టు వెనక్కి తిరిగి ఆడారు. నేను అగ్గి మీద గుగ్గిలమై, పోయి నాలుగు కడిగి వస్తానన్నాను. చిన్నమ్మ నా రెక్క పట్టి కూర్చోబెట్టింది. "అననీ. కరీంనగర్ల ఎవడో ఉన్నడంటుండ్రు, ఉన్నడు మరి, నీ ఫోన్ల. నా మొగడే గద!" అని పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆనాడు ఆమె కండ్లలో నీళ్లు ఎందుకొచ్చాయో నేను అడగలేదు.

ఇంకొకటి చెప్పాలి. జైలు నుంచి విడుదలైనవాళ్లలో ఒకతను ఎట్లనో ఇల్లు కనుక్కుని, చేను కందులు మూటగట్టుకుని వచ్చాడు. "నీ పెనిమిటి మమ్ముల బతికిచ్చిండమ్మా" అని వాకిట్లో దండం పెట్టాడు. అది నోటుబుక్కు సారు వచ్చే వారం. చిన్నమ్మ లేచి, "ఎవ్వలయ్యా నువ్వు? నాకు తెల్వది. మూట తీసుకొని పో" అని అరిచింది. అతను మూట ఎత్తుకుని పోయాడు. అన్ని ఏండ్లలో ఆమె గడప ముందు ఎవరన్నా మంచిమాట అన్నారంటే అదొక్కటే. దాన్ని కూడా తరిమేసింది.

పోయిన దసరాకు ఇంటికొచ్చినప్పుడు అన్నం తింటూ అడిగింది. "ఒక్క పని జేస్తవా బిడ్డా? నేను పోయిన్నాడు నా నుదుటికి బొట్టు పెట్టు. రూపాయంత. నేను ముత్తైదువనే పోవాలె. ఆయనకు గూడ చెప్పిన, సరే అన్నడు."

"ఆ మాటలేంది ఇప్పుడు?"

"ఇను. జర సూసి పెట్టు. ఆ సారు ఈ నడుమ వస్తలేడు గని, ఆనాడు ఉంటే మాత్రం పెట్టకు. ఇన్నేండ్లు దాసింది నా సావుతోని బయటపడొద్దు."

నేను ఒట్టు వేశాను. అందుకే ఆ పొద్దున భరిణ సంచిలో వేసుకున్నాను.

చొప్పదండి పోయేసరికి చీరలు అడ్డం కట్టి స్నానం చేయిస్తున్నారు. నేను రెండు చెంబులు పోశాను. కాళ్లు తుడుస్తుంటే రెండో వేలికి మెట్టె మచ్చ, ఇన్నేండ్లయినా పోలేదు. చీర కట్టారు. పక్కింటామె విభూతి పట్టుకుంది. భరిణ నా పిడికిట్లో ఉంది. నేను పెడతానని నోరు తెరవబోయి, ఎందుకో చీరల సందులోంచి వాకిలి దిక్కు చూశాను.

నోటుబుక్కు సారు నిలబడి ఉన్నాడు. తల నెరిసింది, చెప్పులు విడిచి చేతులు కట్టుకున్నాడు. చూపు మా దిక్కే ఉంది.

భరిణను కొంగు కింద దాచుకున్నాను. పక్కింటామె విభూతి పూసింది. ముఖం తెరిచి అందరూ చూసేలా వాకిట్లో పడుకోబెట్టారు. డప్పులు మోగాయి. మా తమ్ముడు కుండ పట్టుకుని ముందు నడిచాడు. భరిణను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే దాని మూత అంచు అరచేతిలో దిగింది.

శవం పోయినంక అరుగు మీద కూలబడ్డాను. సారు దగ్గరికి వచ్చాడు.

"మంచి మనిషమ్మా. ఆమె చేతి చాయ్ మరువలేను."

"ఇంకేం రాసుకోవాలె సార్? మనిషే పోయె" అన్నాను. గొంతులో విషమే ఉంది.

"రాసుడేందమ్మా, నేను రిటైరై రెండేండ్లాయె. ఆ ఫైలు గూడ ఎప్పుడో మూసేసిండ్రు, అంతకు ముందే."

నాకు అర్థం కాలేదు. "మూసేసిండ్రా? ఆయన సచ్చిపోయిండనేనా?"

"ఆయన సావలే గదమ్మా. ఆడ అర్జీ పెట్టుకున్నడు, ఆ కాయితం ఈడికి రాదా? మాకు మొదటి ఏడే ఎరుక. మీ చిన్నమ్మ ఆ బొమ్మను కాలవెట్టిన్నాడు నేను గూడ ఉంటి, జనంల."

"ఎరుకుండి... ఒక్క మాట చెప్పలేకపోతివా? బొట్టు తీసి కూసున్నదయ్యా ఆమె!"

"నన్ను అడిగి రమ్మన్నరు, చెప్పి రమ్మనలే" అన్నాడు. అని, చెప్పులేసుకుని పోయాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో దుర్మార్గం ఏమీ లేదు. ఉంటే నాకు తిట్టడానికైనా ఉండేది.

అంటే ఆఫీసుకు తెలుసు, నాకు తెలుసు. ఆమె మోసపుచ్చింది ఎవరిని? తలుపులేసుకున్న ఆ ఆడవాళ్లను. బతుకంతా బోడినుదురుతో కూర్చుని ఆమె ఎవరి నుంచి ఎవరిని కాపాడింది? నన్నడక్కండి, నాకు చెప్ప చేతకాదు.

పొద్దున బస్సులోంచే కబురు పంపాను, సాయంత్రం చిన్నబాపు ఫోన్ చేశాడు. మొదటి మాటే, "బొట్టు పెట్టిండ్రా బిడ్డా?"

"పెట్టినం చిన్నబాపూ."

"ఎంతది?"

"రూపాయంత."

తర్వాత, "ఫోటో ఉంటే పంపు. ఆమె నుదుటికి బొట్టు చూసి ఎన్నేండ్లాయెనో" అన్నాడు.

ఈ స్మృతి ఆయన చదివితే చదవనీ. అబద్ధం చెప్పి పదిరోజులు మోశాను, ఇంక మోయలేను. కానీ ఆ రోజు మాత్రం నిజం నోటికి రాలేదు. ఆమె కోసం ధైర్యం చెయ్యాల్సినప్పుడు చెయ్యలేదు, ఆయన ముందూ చెయ్యలేదు. ఆమె బీడీలు చుడుతూ ఇన్నేండ్లు నిలబడింది. నేను ఒక్క చూపుకు పడిపోయాను.

మర్నాడు తమ్ముని ఫోన్లో ఉన్న ఫోటో పట్టుకుని కరీంనగర్‌లో ఒక స్టూడియోకు పోయాను. స్టూడియో ఆయనకు ఇది రోజూ ఉండే పనే. ముఖం పెద్దగా చేశాడు. విభూతి తీసెయ్యాల్నా మేడం అంటే తీసెయ్యమన్నాను. ఒక్క నొక్కుకు పోయింది. ఒక మూల వరుసగా ఎర్రబొట్లు తెరిచి, ఎంతది కావాలన్నాడు.

"రూపాయంత."

దాన్ని పట్టి ఫోటో మీదికి లాగాడు. బొట్టు మొదట కనుబొమ్మ మీద పడింది. పక్కకు జరిపాడు, మరీ పైకి పోయింది. చిన్నమ్మ మూసిన కండ్ల పైన ఆ ఎర్రచుక్క అటూ ఇటూ తిరుగుతోంది. నేను కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను.

"గిక్కడనా మేడం?" అన్నాడు ఆయన. "ఇంక జర కిందికా?"