వైరు లేని హారను

దయ్యం పట్టిందని ఎవరైనా అంటే, ముందు ఎర్త్ చూసుకోమని చెప్పే మనిషిని నేను. స్టేషన్ ఘన్‌పూర్‌లో బావి మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం నాది. ముట్టుకుంటే జిల్లుమనే తలుపులు, వాటంతటవే వెలిగే బల్బులు ఎన్నో చూశాను. ప్రతిదాని వెనకా పని చేతకాని మెకానిక్ ఒకడు ఉంటాడు, దయ్యం కాదు.

ఎనభైల మొదట్లో మా బావ ఒక పాత ఇంజన్ పడవ కొన్నాడు. వాళ్ళది కాటారం అవతల, గోదావరి ఒడ్డు పల్లె. ఆ ఎండాకాలం మా అక్క కూతురి పెళ్ళి నదికి అవతలి ఊళ్ళో. మా వాళ్ళందరినీ ఆ పడవలోనే దాటించాలని బావ పట్టుదల. కానీ పడవ హారను దానంతటదే మోగుతోంది. దయ్యం పడవ ఎక్కేది లేదని ఆడవాళ్ళు మొండికేశారు. అక్క నాకు కబురు పెట్టింది. రెండు రోజుల ముందే సంచిలో టెస్టరు, కటింగ్ ప్లేయరు వేసుకుని వెళ్ళాను.

ఆ వైరింగ్ చూసి నాకు మతి పోయింది. ఇంటి స్విచ్‌బోర్డు తెచ్చి పడవకు బిగించాడు ఎవడో మహానుభావుడు. ఫ్యాను లేదు గానీ రెగ్యులేటరు ఉంది! ముందు ఎర్రగా మొదలైన వైరు వెనక్కి వచ్చేసరికి నల్లగా తేలింది. అతుకులకు టేపు బదులు సైకిలు ట్యూబు ముక్కలు. ఇంకో వైరు అడుగున నీళ్ళలో హాయిగా నానుతోంది. బల్బు స్విచ్ వేస్తే లారీ హారను బొంయ్‌మంది.

"గిదే మీ దయ్యం బావా" అని మొత్తం వైరింగు పీకేశాను. ఇంజను హ్యాండిల్ తిప్పితే స్టార్టయ్యేదే కాబట్టి బ్యాటరీతో పని లేదు. దాన్ని మోసుకొచ్చి అక్క వాళ్ళింట్లో నీళ్ళ గోలెం పక్కన పెట్టాను. హారను బోల్టులు తుప్పు పట్టి ఊడలేదు. ఒట్టి హారనే కదా అని వదిలేశాను.

పెళ్ళిరోజు అందరం ఎక్కాక బావ మనుషుల్ని లెక్కపెట్టబోయాడు. వాళ్ళమ్మ, మేమంతా అవ్వ అనే ఆవిడ, అతని చేతి మీద ఒక్కటేసింది.

"మంచిగున్న మనుషులను లెక్కవెడ్తార్రా? దిష్టి తగుల్తది!"

అవ్వకు పూర్తిగా చెముడు. ఎదురు చెప్పినా వినపడదు. బావ లెక్క మానుకున్నాడు.

నది మధ్యలో నీళ్ళు చాలలేదు. ఇసుక తిన్నె మీద అందరం దిగి నడిచి, ఖాళీ పడవను తిన్నె చుట్టూ తిప్పి తెచ్చాక అవతలి పక్క మళ్ళీ ఎక్కాం. డప్పులు, పిల్లల ఏడుపులు, ముహూర్తం తొందర. కొంత దూరం పోయామో లేదో, హారను మోగింది.

ఆగకుండా మోగింది. దానికి ఒక్క వైరూ లేదు, పడవలో బ్యాటరీ లేదు.

"గిదేనారా బామ్మర్దీ నువ్వు బాగుజేసుడు?" అని బావ మండిపడ్డాడు.

హారను మీద తువ్వాలు కప్పాను, మోగింది. సిగ్గు విడిచి దాని మీదే కూర్చున్నాను, నా కిందే మోగింది. ఆడవాళ్ళు పడవ వెనక్కి తిప్పమని ఏడుపు లంకించుకున్నారు. ముహూర్తం పోతుందని తిడుతూనే బావ తిప్పాడు. పడవ ముక్కు తిన్నె వైపు తిరగగానే హారను ఆగిపోయింది.

అప్పుడు అడిగింది మా అక్క, "అయ్యో, అత్తమ్మ ఏది?"

అవ్వ తిన్నె మీదే ఉంది. ఒక చిన్న పొద పక్కన కునుకు తీసింది, మేము చూసుకోలేదు. లెక్కపెట్టి ఉంటే అప్పుడే తెలిసేది. మేము తిరిగి వచ్చేది మర్నాడు. కాలిపోయే ఆ ఇసుకలో, చుక్క మంచినీళ్ళు లేకుండా ఆ ముసలి ప్రాణం ఏమయ్యేదో! బావ ఉరికి తల్లిని చంటిపిల్లలా ఎత్తుకొచ్చాడు. అంత మనిషి వెక్కివెక్కి ఏడ్చాడు.

అవ్వ మాత్రం పడవలో కూర్చుని చిరాకుపడింది.

"ఎవడురా గట్ల హారను కొట్టింది? మంచిగ నిద్ర వడితే లేపిన్రు!"

పక్కన డప్పు కొట్టినా ఉలకని మనిషి ఆవిడ.

పెళ్ళి సమయానికే జరిగింది. తిరిగి వచ్చాక చూస్తే బ్యాటరీ గోలెం పక్కనే ఉంది. నాకు తెలిసిన కరెంటులో దీనికి జవాబు లేదు, ఇన్నేళ్ళయినా దొరకలేదు. దయ్యమన్న వాళ్ళకు ఇప్పటికీ ఎర్త్ చూసుకోమనే చెబుతాను. కానీ ఎక్కడికి బయల్దేరినా తువ్వాలు చాటున వేళ్ళు మడిచి మా వాళ్ళను లెక్కపెట్టుకుంటాను, అవ్వ చూడకుండా. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.