కత్తెర గుర్తుకు పసుపు బొట్టు

మొన్న పెర్కిట్ నుంచి ఆర్మూర్‌కు ఆటోలో వస్తుంటే, నాతోపాటు ఇరుక్కుని కూర్చున్న నలుగురు పసుపు రైతులు నాలుగు పార్టీల తరఫున వాదించుకుంటుంటే, అయిదో పార్టీ తరఫున డ్రైవరు హారన్ కొడుతుంటే, మోకాళ్ల నొప్పి కూడా మరిచిపోయి ఎవరు నెగ్గుతారా అని మెడ సాచి విన్నాను. ఎన్నికలంటే నాకు ఈ వయసులోనూ పెళ్లి మేళం విన్నంత హుషారు. "అమ్మా, నీ ఓటెటు?" అని ఒకాయన నిలదీశాడు. "ముందుగాల నన్ను దింపుండ్రి బిడ్డా, గటెన్క చెప్త" అని తప్పించుకుని నేను దిగాను గానీ, నా మనసు దిగలేదు. అది నేరుగా దొంకేశ్వర్ దగ్గరి మా అత్తగారి ఊరికి, నేను మొట్టమొదట ఓటేసిన సర్పంచ్ ఎన్నికకు వెళ్లిపోయింది.

మన తరంవాళ్లకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో ఓటు మనిషికి కాదు, ఇంటికి ఉండేది. పుట్టింట్లో ఏ జెండా మోసినా, మెట్టినింటి గడప దాటగానే కోడలి పార్టీ కూడా ఇంటిపేరుతో పాటే మారిపోయేది. జక్రాన్‌పల్లి నుంచి వచ్చిన నేనూ అలాగే మారాను, అడిగినవాళ్లూ లేరు, అడ్డుపడినవాళ్లూ లేరు. మా ఇంటిది ఒక జెండా, పక్కింటి దాయాదులది ఇంకో జెండా, మధ్యలో నడుమెత్తు గోడ. దాని మీదుగా పచ్చళ్లూ తిట్లూ సమానంగా రాకపోకలు సాగించేవి. ఆ ఏడు ఆ రెండిళ్లే పోటీకి దిగాయి. మా బావ, అంటే మా ఆయన అన్న, ఉంగరం గుర్తు మీద. గోడవతలి దాయాది కత్తెర గుర్తు మీద. అది మా మామ రెండుసార్లు నిలబడి ఓడిన కుర్చీ. అప్పటికి ఆయన మంచం పట్టాడు. కన్నుమూసేలోగా ఆ కుర్చీలో కొడుకుని చూపించాలని బావ ఊరంతా కాళ్లరిగేలా తిరిగాడు.

పసుపు ఉడకబెట్టే రోజులవి. కొమ్ములు విరిచీ విరిచీ ఊళ్లో ఆడవాళ్ల చేతులన్నీ పచ్చగా ఉండేవి. ఇక నేను బ్యాలెట్ కాగితం మీదికి వంగి గుర్తులు వెతికిన తీరు చూస్తే ఓటేస్తున్నానో పరీక్ష రాస్తున్నానో తెలిసేది కాదు. ఉంగరం మీద ముద్ర గుద్ది, అంటుకుందో లేదోనని ఊదీ ఊదీ, మడిచి మడిచి వక్కపొడి పొట్లమంత చేసి పెట్టెలో పడేశాను.

సాయంత్రం, ఓట్లేసిన బడిలోనే లెక్కింపు. లోపల మా ఆయన ఏజెంటు, బయట కిటికీకి వేలాడుతూ మేం ఆడవాళ్లం. ఉంగరం, కత్తెర, మళ్లీ ఉంగరం! ఒక్కో కాగితం విప్పుతుంటే మేం వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాం. చివరికి రెండు కట్టలూ సమానమయ్యాయి, అధికారి చేతిలో ఒక్క కాగితం మిగిలింది. ఉంగరం మీద చక్కటి ముద్ర. కత్తెర మీద పచ్చటి వేలిగుర్తు! కచ్చితంగా నాదేననుకుని చేతులు కొంగులో దాచేశాను.

"ముద్ర మాదే సార్, గది పసుపు మరక, గంతే!" అన్నాడు మా ఆయన.

"మరకంటవేంది తమ్మీ? గింత గుండ్రంగ అంటుకుంటదా మరక? చూసి మరీ పెట్టిన్రు!" అన్నాడు కత్తెర ఏజెంటు.

రెండు గుర్తులున్నాయి, చెల్లదు అని అధికారి కాగితం పక్కన పెట్టేశాడు. బావ కిటికీ వైపు తిరిగి అరిచాడు, "ఎవ్వల్ది గా వేలు?"

"నాదే కొడుకా," అంది నా పక్కన నిలబడ్డ మా అత్త, తొణక్కుండా.

"అమ్మా! ఓటు నాకేసినవా, గాయినకేసినవా?"

"ఓటు నీకే గుద్దిన. గాయినకు బొట్టు పెట్టిన. పిలుపుకు వోతే గల్లీల ఒక్క గడపన్న ఇడిస్తమారా? పక్కపక్కకే ఉంటిరి, నీకు పెట్టి గాయినకు పెట్టకపోతే అరిష్టం గాదా?"

పెళ్లి పిలుపుకు వెళ్లిన ముత్తైదువ, పగవాళ్లదైనా సరే, వరుసలో ఏ ఇంటి గడపకూ పసుపు పెట్టకుండా దాటకూడదన్నది మా వైపు ఆచారం. కాగితం మీద గళ్లలో వరుసగా నిలిచిన గుర్తులు ఆమె కళ్లకు గడపల్లా కనిపించాయి మరి. ఓటూ ఓటమీ ఒక్క అక్షరంతోనే మొదలవుతాయని నాకు ఆ రోజే తెలిసింది. సమానమైతే చిట్టీలే కదా. చెంబులో వేసి తీస్తే కత్తెర వచ్చింది. బావ అక్కడే నేల మీద కూలబడ్డాడు.

ఇంటికొస్తూనే బావ లోపలి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. ఇంతలో డప్పులు. ఊరేగింపు మా వాకిట్లోనే ఆగింది. గెలిచినాయన చెయ్యెత్తి డప్పులు ఆపించి, చెప్పులు విడిచి లోపలికొచ్చి, మెళ్లో దండ తీసి మా మామ మంచం మీద పెట్టాడు. "పెద్దనాయినా, చిట్టీ గెలిచింది, నేను గెల్వలె," అన్నాడు.

మా మామ దగ్గుతూనే నవ్వాడు. "రెండుమాట్లు నిలవడ్డ, నాకు గిసోంటి చిట్టీ ఒక్కటి రాకపాయె గదరా!"

లోపలి గదిలో ఉన్న బావ అప్పుడు బయటికొచ్చాడు. దాయాది మొహం చూడకుండానే నాకు వినపడేలా చాయ్ పెట్టమన్నాడు.

ఇప్పుడు ఇంటికి కాదు, మనిషికే ఓటు. మా కోడళ్లు ఎవరి జెండా వాళ్లే మోస్తుంటే నాకు ముచ్చటగానే ఉంటుంది; నా ఓటు నేనూ ఎవరికీ చెప్పను. గెలిచినవాళ్ల ఊరేగింపు ఇప్పుడూ ఓడినవాళ్ల ఇంటి ముందు ఆగుతుంది, డీజే చప్పుడు పెంచడానికి. ఆ మోతలో తలుపు వెనక గడియ పడిన శబ్దం ఎవరికీ వినపడదు. లోపల మంచం మీద పెద్దాయన ఎవరైనా ఉన్నాడేమో, ఎవరన్నా చెయ్యెత్తి ఆ చప్పుడు ఆపిస్తారేమోనని, నేను మాత్రం చివరి బండి దాటేదాకా వాకిట్లోనే నిలబడతాను.